ఉమ్మడి ఇంట ఎవరి పేరు?

ఇంగ్లండునకు చదువు నిమిత్తము పోవు తెలుగు విద్యార్థి యింట, విశ్వవిద్యాలయమును ఎంచుకొనుటకు నెలలును, బ్యాంకు ఋణము మంజూరగుటకు వారములును, వీసాకు వలసిన పత్రములు కూర్చుకొనుటకు ఎన్నో నిద్రలేని రాత్రులును పట్టును గాని, ఆ విద్యార్థి సంవత్సరకాలము తల దాచుకొనవలసిన ఇంటి విషయము మాత్రము, ప్రయాణమునకు కొలది దినముల ముందు, ఒక్క ఫోను సంభాషణముతో తేలిపోవుచున్నది. "అన్నా, వచ్చే వారం ల్యాండ్ అవుతున్నాను, రూమ్ ఏమైనా ఉందా?" అని ఇచ్చటి నుండి ఒకడు అడుగును. "వచ్చెయ్ తమ్ముడూ, ముందు మా ఇంట్లో దిగు, హాల్లో సర్దుకుందాం, పర్మనెంట్ రూమ్ తర్వాత చూసుకోవచ్చు" అని అచ్చటి నుండి సమాధానము వచ్చును. ఆ ఇరువురును అంతకు పూర్వము ఒకరినొకరు చూచి యెఱుగరు. ఒకే కళాశాలలో చదివినవారో, ఒకే జిల్లావారో, ఒకే వాట్సాప్ గ్రూపులో నున్నవారో అయి యుందురు. ఆ మాట చెవిని పడగానే తల్లి మనస్సు కుదుటపడును. ఆ అన్నకు ఇమ్మని మరొక ఆవకాయ పొట్లము పెట్టెలో సర్దును.

ఈ ఔదార్యమును నేను చిన్నచూపు చూచువాడను కాను. ఊరు గాని ఊరిలో చదువుకొను పిల్లవానికి వారములిచ్చి, సోమవారమొక యింట, మంగళవారమొక యింట అన్నము పెట్టి, వానిని ప్రయోజకుని చేసిన జాతి మనది. సత్రపు అరుగుల మీద, కులసంఘముల వసతి గృహములయందు, దూరపు బంధువుల పంచలలో పడుకొని చదివి పైకి వచ్చిన పెద్దలు ప్రతి జిల్లాలోను ఉన్నారు. ఆ సంస్కారమే నేడు ఈస్ట్ హామ్‌లోను, హాట్‌ఫీల్డ్‌లోను, లెస్టర్, కొవెంట్రీ, షెఫీల్డ్, మిడిల్స్‌బ్రో నగరములలోను, ముందు వెళ్ళినవాడు వెనుక వచ్చువానికి తన గదిలో చాప పఱచుచున్న రూపమున జీవించియున్నది. అయితే వారములిచ్చిన యింటి యరుగుకు కాగితము అక్కరలేదు. ఇంగ్లండులోని అద్దె యిల్లు కాగితము మీద నిలిచిన యిల్లు. ఆ కాగితమున ఎవని పేరున్నదో వానికే చట్టము తన కవచము నిచ్చును. పేరు లేనివాడు, అద్దె యంతయు సక్రమముగ చెల్లించుచున్నను, ఆపద వచ్చిన నాడు ఆ యింట అతిథి పాటివాడైపోవును. ఈ సంగతిని పిల్లలును, వారిని పంపు తల్లిదండ్రులును విమాన మెక్కకముందే గ్రహింపవలెనని నా ఆరాటము.

ముందుగా ఆ యిల్లు ఎట్లుండునో చూతము. పందొమ్మిదవ శతాబ్దమున నూలు మిల్లులు, ఉన్ని మిల్లులు, ఇనుప కర్మాగారములు పెరిగిన నగరములలో శ్రామికుల కొఱకు గోడకు గోడ ఆనించి, వీథి పొడవునను ఒకే తీరుగ కట్టిన ఎఱ్ఱ యిటుకల యిండ్లవి. 1875 నాటి ప్రజారోగ్య చట్టము పిమ్మట స్థానిక నిబంధనల ప్రకారము వీథికింత వెడల్పనియు, ఇంటి వెనుక ఇంత ఖాళీ స్థలమనియు నిర్ణయించి కట్టినవి వానిలో అనేకములు. లీడ్స్ నగరమునందైతే వెనుక గోడ సైతము పొరుగింటితో ఉమ్మడిగా గల, మూడు వైపుల కిటికీ లేని యిండ్లను 1909లో చట్టము నిషేధించినను, పూర్వము పొందిన అనుమతుల బలమున 1937 వఱకు కట్టుచునే యుండిరి. ఒక శ్రామిక కుటుంబము నివసించిన ఆ యింటనే నేడు ఐదుగురు విద్యార్థులుందురు. వీథి వైపు గది, పూర్వము అతిథులు వచ్చినపుడు మాత్రమే తెఱచునట్టి ముందుగది, నేడొకని పడకగది. నిటారుగా లేచిన యిరుకు మెట్లు. మెట్ల క్రింద అలమారులో గ్యాసు మీటరు. పైన రెండు గదులు. ఆ పైన ఏటవాలు కప్పు క్రింద, మంచము వేసిన మీదట నిలువుగ నడచుటకు వీలుకాని అటక గది. వెనుక వంటయిల్లు, దాని యావల రాతి పలకలు పఱచిన చిన్న పెరడు, చెత్త కొఱకు చక్రముల తొట్లు. బర్మింగ్‌హామ్‌లో సెల్లీ ఓక్, లీడ్స్‌లో హైడ్ పార్క్, హెడింగ్లీ, మాంచెస్టరులో ఫాలోఫీల్డ్, నాటింగ్‌హామ్‌లో లెంటన్, న్యూకాసిల్‌లో జెస్మండ్ మొదలగు పేటలు ఇట్టి విద్యార్థి గృహములకు పేరు పడినవి. 1992 నాటి చట్టముతో పాలిటెక్నిక్కులు విశ్వవిద్యాలయములుగా మాఱి, విద్యార్థుల సంఖ్య పెరుగుచు వచ్చిన కొలది, విశ్వవిద్యాలయముల సొంత వసతి గృహములు చాలక, ఈ పాత శ్రామిక వాటికలలో ప్రైవేటు అద్దె గృహములు విస్తరించినవి.

ఆంగ్ల విద్యార్థి మొదటి సంవత్సరము విశ్వవిద్యాలయ వసతి గృహముననే యుండి, ఆ వ్యవధిలో స్నేహితులను ఎన్నుకొని, నవంబరు, జనవరి నెలల నడుమ వారితో కలసి మరుసటి యేటికి ఇల్లు చూచుకొనును. మనవారిలో పెక్కుమంది ఒక్క సంవత్సరపు ఎం.ఎస్సీ. కొఱకు సెప్టెంబరులోనో జనవరిలోనో దిగువారు. వారికి ఎన్నిక చేసికొనుటకు వ్యవధి లేదు, ఎవరితో నుండవలెనో తెలియదు, ఇంగ్లండులో పూచీ పడు చుట్టము లేడు, చేతిలో నున్నది ఋణము తెచ్చిన డబ్బు. మోసము చేయువాడు వెదకునది ఇట్టివానినే.

ఈ కష్టము క్రొత్తది కాదు. 1888లో లండను చేరిన గాంధీ మొదట భోజన వసతులతో ఇతరుల యిండ్లలో నుండి, పిదప ఖర్చు తగ్గించుకొనుటకై గది అద్దెకు తీసికొని, స్టౌ మీద ఓట్సు జావయు కోకోయు తానే కాచుకొన్నట్లు ఆత్మకథలో వ్రాసికొన్నాడు. ఇరువదవ శతాబ్దపు మధ్యకాలమున వెళ్ళిన మనవారు అంతకన్న కఠినమైన దానిని చూచిరి. కిటికీలలోని ప్రకటనలయందు నల్లవారికి గది ఇయ్యబడదని బాహాటముగ వ్రాసెడివారు. 1965 నాటి జాతి సంబంధముల చట్టము ఇండ్ల జోలికి పోలేదు. 1968 నాటి చట్టము వచ్చిన తర్వాతనే రంగును బట్టి ఇల్లు నిరాకరించుట చట్టవిరుద్ధమైనది. నాటి విద్యార్థికి చట్టమే లేదు. నేటి విద్యార్థికి చట్టము కలదు, దానిని అడిగి పుచ్చుకొను తెలివిడి కావలెను. ఇచ్చట నేను చెప్పునది ఇంగ్లండు సంగతి. స్కాట్లండునకును వేల్సునకును అద్దె చట్టములు వేఱు.

2004 నాటి గృహ చట్టము ప్రకారము, ఒకే కుటుంబమునకు చెందని ముగ్గురు లేక అంతకు మించినవారు వంటయిల్లో స్నానపు గదియో పంచుకొని నివసించు ఇల్లు ప్రత్యేకమైన తరగతికి చెందును. దానిని అచ్చట హెచ్.ఎం.ఓ. అందురు. ఐదుగురు స్నేహితులు ఎంత అన్యోన్యముగ నున్నను చట్టము దృష్టిలో ఐదు కుటుంబములే. ఐదుగురు గాని అంతకు పైబడినవారు గాని యున్న యింటికి యజమాని స్థానిక కౌన్సిలు వద్ద లైసెన్సు పొందియే తీరవలెను. పూర్వము మూడంతస్తుల యిండ్లకే యుండిన ఈ నిబంధన 2018 అక్టోబరు 1 నుండి అంతస్తులతో నిమిత్తము లేకుండ వర్తించుచున్నది. లైసెన్సు గల యింట ఒక పెద్దవాడు పడుకొను గది 6.51 చదరపు మీటర్లకు, అనగా సుమారు 70 చదరపు అడుగులకు తగ్గరాదు. ఇద్దరు పడుకొను గది 10.22 చదరపు మీటర్లకు తగ్గరాదు. లైసెన్సుల పట్టికను కౌన్సిలు బహిరంగముగ నుంచును, కావున హైదరాబాదులోనో రాజమహేంద్రవరములోనో కూర్చుండియే, ఆ వీథిలోని ఆ నంబరు ఇంటికి లైసెన్సు ఉన్నదా, ఎందఱికి ఉన్నది అని చూచుకొనవచ్చును. ఉండవలసిన లైసెన్సు లేనిచో, తాము చెల్లించిన అద్దెను తిరిగి యిప్పించుమని అద్దెదారులు ట్రైబ్యునలు నాశ్రయింపవచ్చును. ఇరుకు మెట్లు ఒక్కటే యుండు ఇంట, వంటగదిలో నిప్పు పుట్టినచో, అటక మీద నిద్రించు విద్యార్థి క్రిందికి దిగి రావలసిన త్రోవ ఆ మెట్లే. తలుపులు, పొగను పసిగట్టు గంటలు, పరుపుల సంఖ్య అన్నియు ఆ రాత్రిని తలచుకొని పెట్టిన నిబంధనలు. ఐదుగురికి లైసెన్సున్న యింట తొమ్మండుగురు పడుకొనుట పొదుపు అని అనుకొనువారు దీనిని దయతో ఆలోచింపవలెను.

ఇంక ఒప్పందము. ఉమ్మడి యింటి యొప్పందములు రెండు విధములు. తన గదికి తాను మాత్రమే బాధ్యుడగునది ఒకటి. ఐదుగురును కలసి మొత్తము ఇంటికి సంతకము చేయునది రెండవది. రెండవ విధమున సంతకము చేసిన ప్రతివాడును తన వంతునకే కాక మొత్తము అద్దెకు బాధ్యుడు. గదికి నెలకు 500 పౌనుల వంతున ఐదుగురికి 2,500 పౌనులు అనుకొందము. డిసెంబరులో ఒకడు చదువు మానుకొని స్వదేశమునకు వెళ్ళిపోయినచో, యజమాని వాని 500 పౌనులను మిగిలిన నలుగురిని అడుగును. తలకు 125 పౌనులు అదనముగ పడును. ఆ నలుగురిలో ఒకడు ఇయ్యజాలకున్న ముగ్గురి మీద పడును. "వాడు వెళ్ళిపోతే మేమెందుకు కట్టాలి?" అని ప్రశ్నించుట లోకధర్మమునకు సబబే గాని, సంతకము ఆ ప్రశ్నకు ముందే జవాబు చెప్పియున్నది. అందుచేత ఎవరితో కలసి సంతకము చేయుచున్నామను ప్రశ్న, ఏ యింటికి సంతకము చేయుచున్నామను ప్రశ్నకంటె పెద్దది. పూచీదారు విషయమునను ఇంతే. పూచీ పడినవాడు ఒకని వంతుకే పూచీ పడుచున్నాడా, అందఱి అప్పునకా అని పత్రమున వ్రాసియుండును. అది చదువకుండ బంధువు చేత సంతకము చేయించుట వానికి అపకారము చేయుటయే.

పూచీదారు లేని మనవారి నుండి ఆఱు నెలల అద్దెయో, సంవత్సరపు అద్దెయో ఒక్కసారిగ ముందే పుచ్చుకొనుట చిరకాలముగ వచ్చిన వాడుక. వ్యవసాయభూమి తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ములో సగము, ఇల్లు చూడకముందే, ఆ విధముగ వెళ్ళిపోవుట ఎన్ని కుటుంబములకు అనుభవమో చెప్పనలవి కాదు. 2025 అక్టోబరు 27న రాజామోదము పొందిన అద్దెదారుల హక్కుల చట్టము దీనికి అడ్డుకట్ట వేసినది. 2026 మే 1 నుండి అమలునకు వచ్చునట్లు నిర్ణయింపబడిన దాని నిబంధనల ప్రకారము, ఒప్పందముపై సంతకములు కాకముందు అద్దె అడుగరాదు. అయిన పిమ్మట, గృహప్రవేశమునకు ముందు ఒక్క నెల అద్దెకు మించి కోరరాదు. ప్రకటించిన అద్దెకంటె ఎక్కువ యిత్తుమని పోటీ పెట్టించుటయు కుదరదు. కారణము చెప్పకుండ ఖాళీ చేయించు పాత అధికారము తొలగినది. ఏడాది గడువుల యొప్పందములకు బదులుగ నెలనెలకు సాగు అద్దె పద్ధతి వచ్చి, అద్దెదారు రెండు నెలల నోటీసుతో విడిపోవచ్చును. అయితే ఉమ్మడి సంతకములున్నచోట ఒక్కడు నియమానుసారముగ నోటీసిచ్చినను అందఱి అద్దె హక్కును దానితో ముగియును, కావున ఇచ్చటను స్నేహితుని ఎన్నికయే శరణ్యము. విద్యార్థుల ఉమ్మడి యిండ్లను మాత్రము తర్వాతి విద్యార్థుల కిచ్చుటకై, నాలుగు నెలల నోటీసుతో, జూను 1కిని సెప్టెంబరు 30కిని నడుమ ఖాళీ చేయించుకొను అవకాశము యజమానికి ఉన్నది. చేరు దినమునకు ఆఱు నెలలకు మించి ముందుగ ఒప్పందము వ్రాయించుకొన్న యజమానికి ఆ అవకాశము లేదు. నవంబరులోనే వచ్చే సెప్టెంబరుకు సంతకములు చేయించు తొందర దీనివలన కొంత తగ్గునని ఆశింపవచ్చును.

ధరావతు సంగతి మఱింత శ్రద్ధగ వినదగినది. 2019 జూను 1న అమలునకు వచ్చిన అద్దెదారుల రుసుముల చట్టము ప్రకారము, ఏటి అద్దె 50,000 పౌనుల లోపుండు ఇంటికి ధరావతు ఐదు వారముల అద్దెను మించరాదు. నెలకు 500 పౌనులు అనగా ఏటికి 6,000, వారమునకు 115 పైచిలుకు; ఐదు వారములకు 577 పౌనులు దాటరాదు. ఇల్లు తమ కొఱకు నిలిపి యుంచుమని ఇచ్చు బయానా ఒక వారపు అద్దెను మించరాదు. దరఖాస్తు రుసుము, పత్రముల రుసుము, ఇల్లు చూపిన రుసుము అని ఏజెంటు అడిగిన ప్రతిదియు చట్టవిరుద్ధము. పుచ్చుకొన్న ధరావతును యజమాని ముప్పది దినములలో ప్రభుత్వము గుర్తించిన మూడు సంరక్షణ పథకములలో ఒకదానియందు నమోదు చేసి, ఆ వివరములు అద్దెదారునకు వ్రాతమూలకముగ ఇయ్యవలెను. ధరావతును పథకమున సంరక్షింపవలెనను విధి 2007 ఏప్రిలు నుండి ఉన్నది. అట్లు చేయని యజమాని ధరావతునకు ఒకటి మొదలు మూడు రెట్ల వఱకు పరిహారము చెల్లింపవలసి వచ్చును. ఇల్లు విడుచునాడు గోడ మఱకకో తివాచీ చిఱుగుకో డబ్బు మినహాయించుకొనదలచిన యజమానియే దానిని ఋజువు చేయవలెను. తగవు వచ్చినచో ఆ పథకమువారే ఉచితముగ తీర్పు చెప్పుదురు.

ఇంత రక్షణ యున్నది కదా, మఱి మన పిల్లల ధరావతులు ఎందుకు పోవుచున్నవి? ఏలయన వారు ధరావతును యజమానికి ఇచ్చుటలేదు. వెళ్ళిపోవుచున్న సీనియరు, "డిపాజిట్ నాకిచ్చెయ్ తమ్ముడూ, నువ్వు వెళ్ళేటప్పుడు వచ్చేవాడి దగ్గర తీసుకో" అనును. వచ్చినవాడు సరేయనును. ఆ క్షణమున సొమ్ము పథకము నుండి కాదు, ఒక విద్యార్థి జేబు నుండి ఇంకొక విద్యార్థి జేబునకు మాఱినది. పథకమున నున్న ధరావతు ఎప్పుడో విడిచి వెళ్ళినవాని పేరిటనే యున్నది. యజమాని దృష్టిలో క్రొత్తవాడు లేనేలేడు. అంతకన్న దుఃఖకరమైనది హాలులో పడుకొనువాని స్థితి. ఇంటిని తన పేరిట తీసికొని అందులోనే నివసించుచున్న వాడొకడు, ఖర్చు కలసివచ్చుటకై, మఱి నలుగురిని చేర్చుకొని తలకింత అని వసూలు చేయును. చట్టము దృష్టిలో ఆ నలుగురు వాని యింట గది కిరాయికున్నవారు మాత్రమే. వారి ధరావతునకు సంరక్షణ పథకము లేదు. వారిని పంపివేయుటకు న్యాయస్థానపు ఉత్తర్వు అక్కఱలేదు, తగు గడువిచ్చిన చాలును. మూల ఒప్పందమునకు విరుద్ధముగ వారిని చేర్చుకొన్నచో వానికే ఇల్లు పోవచ్చును, వానితో వీరికిని. ఏజెంటు ఇల్లు తనిఖీకి వచ్చు దినమున పరుపులు చుట్టి స్నేహితుని కారులో పెట్టి, సూటుకేసులు మంచము క్రిందికి త్రోసి, నలుగురు యువకులు చలిలో పార్కు బెంచీల మీద కూర్చుండి ఫోను కొఱకు ఎదురుచూచుట, అద్దె చెల్లించుచున్నవారు పడదగిన అవస్థ కాదు. వారు చేసిన నేరమేమియు లేదు. బ్యాంకు ఖాతాకు చిరునామా పత్రము కావలసినపుడు ఇయ్యరు. ఉత్తరములు తమ పేరిట రానీయరు. గదిలో వేడి లేదని యజమానికి వ్రాయుటకు వీలులేదు. సీనియరు దుష్టుడు కావలసిన పని లేదు. అతడును ఒకనాడు ఇట్లే హాలులో పడుకొన్నవాడు. అతనికి తెలిసిన పద్ధతి అదియే.

కావున నా మనవి ఇది. దిగిన తొలినాళ్ళలో అన్న యింట నిలుచుట తప్పుగాదు. కాని అది అతిథిగ నిలుచుటయే కావలెను, నెలనెల కిరాయి కట్టుచు అజ్ఞాతముగ నుండుట కారాదు. ఆ నాలుగు దినములును ఇల్లు చూచుటకే వినియోగింపవలెను. చూడని యింటికి ఇచ్చటి నుండి డబ్బు పంపరాదు. యజమాని విదేశమున నున్నాడు, తాళములు కొరియరులో వచ్చును, ముందు ఇంత పంపుము అను సందేశము వచ్చినచో అది ఎంత అందమైన యింటి ఫోటోతో వచ్చినను మోసమేయని తలచుట క్షేమము. ముందుగ వెళ్ళిన మిత్రుని ఆ యింటికి పంపి, వీడియో కాలులో ప్రతి గదియు చూపుమనుట తగిన జాగ్రత్త. ఏజెంటు ఫిర్యాదుల పరిష్కార సంస్థలో సభ్యుడై యుండుట చట్టరీత్యా విధి. తన కార్యాలయమున ఆ సంగతి ప్రదర్శించియుండవలెను.

ఇల్లు చూచుటకు ఎండ పగటికన్న చీకటి పడు సాయంకాలమే మేలు. వేడినీటి కొళాయి త్రిప్పి ఎంతసేపటికి వేడెక్కునో చూడవలెను. రేడియేటరు మీద చేయి పెట్టవలెను. ఉత్తరపు గోడ మూలలయందు, కిటికీ చట్రముల క్రింద, అలమారు వెనుక నల్లని బూజు చుక్కలున్నవేమో వంగి చూడవలెను. క్రొత్తగ రంగు వేసిన మూలను మఱింత అనుమానింపవలెను. బూజు చిన్న సంగతి కాదు. 2020లో రాచ్‌డేల్ పట్టణమున అవాబ్ ఇషాక్ అను రెండేండ్ల బాలుడు ఇంటిలోని బూజు మూలముగ మరణించుటయు, విచారణాధికారి దానిని 2022లో నిర్ధారించుటయు ఆ దేశమును కదలించి, సామాజిక గృహములలో బూజును గడువులోపల బాగు చేయవలెనను శాసనము పుట్టుటకు కారణమైనది; ప్రైవేటు అద్దె యిండ్లకును దానిని విస్తరించు అధికారము పైని చెప్పిన అద్దెదారుల హక్కుల చట్టమున కలదు. గోడలోనికి వాన దిగుటచే వచ్చు తేమను యజమాని బాగు చేయవలెను; మన వంటల వలనను తేమ చేరును. కుక్కరు ఆవిరి, ఉడుకుచున్న పప్పు, గదిలోనే ఆరవేసిన బట్టలు, చలికి భయపడి తెఱవని కిటికీలు ఇవన్నియు చల్లని గోడ మీద నీరై నిలుచును. పోపు పెట్టునపుడు వంటింటి తలుపు మూసి, పంకా వేసి, కిటికీ తెఱచుట నేర్చుకొన్న యిల్లు చాల భాగము పొడిగ నుండును. పొగ గంట మ్రోగుచున్నదని దానికి సంచి కట్టుట మాత్రము ప్రాణముతో చెలగాటము.

గ్యాసు పొయ్యి, బాయిలరు ఉన్న యింటికి ఏటేట గ్యాస్ సేఫ్ నమోదు గల నిపుణునిచే పరీక్ష జరిపించి, ఆ పత్రపు ప్రతిని అద్దెదారులకు ఇంట చేరకముందే ఇయ్యవలెను. విద్యుత్ పరీక్ష ఐదేండ్ల కొకసారి. బాయిలరు చెడినచో బాగు చేయించుట 1985 నాటి చట్టము వలన యజమాని విధి. ఫోనులో చెప్పి ఊరకుండక ఈమెయిలులో వ్రాయవలెను. "బిల్లులతో కలిపి" అను ప్రకటనయందు గ్యాసు, విద్యుత్తులకు పరిమితి యెంతయో అడుగవలెను. డిసెంబరు, జనవరి చలికి ఆ పరిమితి నిలువదు.

కౌన్సిలు పన్ను విషయము సంగ్రహముగ చెప్పెదను. అందఱును పూర్తికాల విద్యార్థులే అయిన యింటికి ఆ పన్ను లేదు, విశ్వవిద్యాలయపు ధ్రువపత్రము పంపిన చాలును. చదువు ముగించి గ్రాడ్యుయేట్ వీసాకు మాఱి ఉద్యోగము వెదకుచున్న అన్న అదే యింట నిలిచియున్నచో ఆ మినహాయింపు పోవును. అట్టివాడొక్కడే యున్న పన్నులో నాలుగవ వంతు తగ్గును; కట్టవలసినవాడు అతడే, విద్యార్థులు కారు. ఈ మాట ముందే తేల్చుకొననిచో స్నేహములు చెడును.

స్నేహములు చెడుటకు అంతకన్న అల్పమైన కారణములును ఉన్నవి. శాకాహారి పాత్రలో మాంసము వండుట, రాత్రి రెండు గంటలకు ఇండియాతో బిగ్గరగ మాటలాడుట, స్నానపు గది వంతులు, ఒక్కరే చెత్త తొట్టి వీథిలోనికి లాగుట. ఫ్రిజ్‌లో ఎవరి అర ఏది, వంట ఎవరి వంతు, బిల్లు ఎవరి ఖాతా నుండి అను మాటలు తొలి ఆదివారమే, అందఱును కలసి భోంచేసిన పిమ్మట, వ్రాసి గోడకు అంటించిన యిండ్లు సుఖముగ నుండుట నేను గమనించితిని.

సందేహము వచ్చినపుడు అడుగుటకు చోటు లేకపోలేదు. పెక్కు విశ్వవిద్యాలయముల విద్యార్థి సంఘములకు సలహా కేంద్రములుండును; సంతకము చేయకముందు ఒప్పందము చూపినచో వారు రుసుము లేకుండ చదివి చెప్పుదురు. లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, నాటింగ్‌హామ్‌లలో విద్యార్థి గృహముల కొఱకే పనిచేయు యూనిపోల్ కలదు. 1966లో పుట్టిన షెల్టర్ అను ధర్మసంస్థ ఇంటి తగవులలో దారి చూపును. కొన్ని విశ్వవిద్యాలయములు తామే పూచీ పడు పథకములను నడుపుచున్నవి. మనవారిలో పలువురు వానిని అడుగనైన అడుగరు.

చేరిన నాడు ప్రతి గదిని, ప్రతి మఱకను, మీటరు అంకెలను ఫోటో తీసి, యజమాని యిచ్చిన వస్తువుల పట్టికలో లోపములు వ్రాసి, ఆ దినముననే ఈమెయిలులో పంపవలెను. విడిచి వెళ్ళునాడు అవే మూలలను మఱల ఫోటో తీయవలెను. అటుపిమ్మట, తన గదిని తమ్మునికి అప్పగింపదలచిన అన్న చేయవలసిన పని యొకటి యున్నది. వాని వద్ద డబ్బు పుచ్చుకొని తాళపుచెవి చేతిలో పెట్టుట కాదు. వాని పేరు, పాస్‌పోర్టు వివరములు, ఇంగ్లండులో ఇల్లు అద్దెకు పొందు హక్కును చూపు షేర్ కోడు యజమానికి పంపించి, పాత ఒప్పందమున తన పేరు తీయించి, క్రొత్త ఒప్పందమున వాని పేరు వ్రాయించవలెను. అట్టి మార్పునకు యజమాని సాధారణముగ 50 పౌనులకు మించి కోరరాదు. తన ధరావతును తాను పథకము నుండి పుచ్చుకొని, తమ్ముని ధరావతు తమ్ముని పేరిట నమోదైనట్లు పత్రము వచ్చువఱకు వాని వెంట నుండవలెను.